జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో వీధి: ముందు మోతలు చూడండి

మీ ప్రశ్న ఇది: హిరోషిగే, హోకుసాయి లాంటి పందొమ్మిదో శతాబ్దపు జపాన్ చిత్రకారుల బొమ్మల్లో కనిపించే వీధులు ఆ రోజుల్లో నిజంగా అలాగే ఉండేవా, లేక అందం కోసం కల్పించారా? వీధి బతుకు తెలుసుకోవాలంటే ఏ బొమ్మలతో మొదలుపెట్టాలి?

నేను చెక్క అచ్చు పని నేర్పేవాణ్ణి. ఈ బొమ్మలను విద్యార్థుల ముందు పెట్టి గంటల తరబడి మాట్లాడటం నా పనిలో భాగం. నా సమాధానం సూటిగా చెప్పాలంటే, చోటును నమ్మకండి, మోతను నమ్మండి. మోత అంటే ఇక్కడ చప్పుడు కాదు, మోసే బరువు, మోసే తీరు. కొండను పెంచుతారు, వీధిని సాగదీస్తారు, వెచ్చటి సముద్రతీరంలో ఉన్న కంబరా అనే ఊళ్లో మోకాలి లోతు మంచు కురిపిస్తారు. సురుగాచో వీధిలో మిత్సుయి వాళ్ల బట్టల దుకాణం మీదుగా ఫుజి కొండ ఎంత పెద్దగా లేస్తుందో చూడండి, ఆ కొండ అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. హిరోషిగే తోకైదో రహదారి బొమ్మల్లో కొన్ని, 1797లో వచ్చిన ఒక యాత్రా గ్రంథంలోని బొమ్మల నుంచి దింపుకున్నవే. కానీ చేపలవాడు కావడికి తట్ట ఎలా కడతాడు, గుర్రం కాళ్లకు ఏం తొడుగుతారు, సత్రంలో దిగినవాడు ముందు ఏం చేస్తాడు, ఇవి తప్పు గీస్తే కొనేవాడు నవ్వుతాడు. ఆ కొనేవాడూ ఆ వీధిలోంచి వచ్చినవాడే కదా.

ఇవి దర్బారు చిత్రాలు కావని ముందు గుర్తుపెట్టుకోండి. ప్రచురణకర్త డబ్బు పెడతాడు, చిత్రకారుడు గీసి ఇస్తాడు, చెక్కేవాడు చెర్రీ చెక్క మీద చెక్కుతాడు, అచ్చువేసేవాడు రంగుకో చెక్క చొప్పున కాగితం మీద అద్దుతాడు. 1765 ప్రాంతంలో చిత్రకారుడు హరునొబుతో పూర్తి రంగుల అచ్చు నిలదొక్కుకున్నాక ఇదో పెద్ద వ్యాపారం అయింది. 1842లో ప్రభుత్వం దుబారా తగ్గించాలని ఆంక్షలు పెట్టినప్పుడు బొమ్మ ధర 16 మోన్ (అప్పటి చిల్లర నాణెం) దాటకూడదంది. ఆ రోజుల్లో వీధిలో ఒక గిన్నె సోబా నూడుల్స్ ధర కూడా 16 మోనే. అంటే కూలివాడు కూడా కొనగలిగే వస్తువు. ఊళ్ల నుంచి దేశ పాలన నడిచే ఎడోకి (ఇప్పటి టోక్యో) వచ్చిన సామురాయిలు తిరిగి వెళ్లేటప్పుడు ఇంటికి పట్టుకెళ్లే కానుక కూడా ఇదే. బరువు ఉండదు, చుట్టి మూటలో దోపుకోవచ్చు. హోకుసాయి ఎడో వినోదాల మీద వేసిన పుస్తకం రంగుల కూర్పు 1802లో వచ్చింది. అందులో ప్రచురణకర్త త్సుతాయా జూజబురో దుకాణం ముందుభాగం ఉంది. లోపల పనివాళ్లు కాగితాలు సర్దుతుంటే, గట్టు దగ్గర బేరానికి వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు. ఈ బొమ్మలు అమ్మే వీధి కూడా బొమ్మలో ఉందన్నమాట.

మొదట తెరవాల్సింది హిరోషిగే 'నిహోన్‌బషి, ఉదయం'. 1833-34లో వచ్చిన తోకైదో సీరీస్‌లో మొదటి బొమ్మ. ఎడో నుంచి కియోతోకి వెళ్లే ఆ దారిలో 53 మజిలీలు, మొదలూ చివరా కలిపి 55 బొమ్మలు. మామూలుగా దీని గురించి రాసేవాళ్లు వంతెన మీద నుంచి దిగి వస్తున్న దాయిమ్యో (ప్రాంతీయ ప్రభువు) ఊరేగింపు గురించి రాస్తారు. ఈకల కుచ్చుల ఈటెలు, ముందు పెట్టెలు మోసే ఇద్దరు, ఆ హడావుడంతా ఉంది. మీరు ఎడమ పక్క ముందుభాగం చూడండి. తలకు తుండు బిగించిన చేపలవాళ్ల గుంపు, పక్కనే ఉన్న చేపల మార్కెట్లో తెల్లవారుజామునే సరుకు పట్టుకుని బయలుదేరింది. ఎదురుగా దొరగారి ఊరేగింపు వస్తోంది, దారి ఇవ్వాలి. కావడి బరువు భుజం మీద ఉండగానే పక్కకు ఒదిగిపోతున్నారు. చేప ఆలస్యమైతే పాడవుతుంది, దొర ముందుకు వెళితే ప్రమాదం. వాళ్ల వెనకే సర్కారు ఉత్తర్వుల పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. కుడివైపు రెండు ఊరకుక్కలు, వాటికి ఎవరి ఊరేగింపైనా ఒకటే. (హిరోషిగే వీధుల్లో కుక్కలు లెక్కలేనన్ని. అదేమిటో నాకు చాలా ఇష్టం.) ఆ చేపల మార్కెట్ 1923 భూకంపం దాకా ఆ వంతెన దగ్గరే ఉంది, తర్వాతే త్సుకిజికి పోయింది.

ఆ కావడి ఎడో వీధికి వెన్నెముక. కూరగాయలు, టోఫు, చల్లటి నీళ్లు, గోల్డ్‌ఫిష్, విసనకర్రలు, పంజరాల్లో కూసే పురుగులు కూడా దాని మీదే గడప గడపకూ తిరిగేవి. మన దగ్గర తట్ట నెత్తికెక్కుతుంది, అక్కడ మోత ఎక్కువగా భుజానికే. కియోతో పక్కన ఒహరా నుంచి కట్టెలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్లను చిత్రకారులు ప్రత్యేకంగా గీశారంటే, నెత్తిమోత అక్కడ వింతగా కనిపించబట్టే అనుకుంటాను.

ఇక చక్రం. బొమ్మల్లో బళ్లు ఎందుకు ఇంత తక్కువ అని నా క్లాసుల్లో కూడా అడుగుతుంటారు. పెద్ద రహదారుల మీద సరుకు బళ్లకు చాలావరకు అనుమతి ఉండేది కాదు, మనుషులూ గుర్రాలూ మోయాల్సిందే. తోకైదో సీరీస్‌లో ఫుజియెద బొమ్మ ఆ ఏర్పాటును చూపిస్తుంది. ఒక మజిలీ కూలీలు బరువు దించి చెమట తుడుచుకుంటుంటే, అక్కడి నుంచి కొత్త కూలీలు, కొత్త గుర్రాలు అందుకుంటున్నారు, గట్టు మీద అధికారి కాగితాలు చూసుకుంటున్నాడు. దృశ్యంగా పెద్ద అందమేం లేదు. రవాణా ఎలా నడిచిందో చెప్పడానికి మాత్రం ఆ సీరీస్‌లో దానికి సాటి లేదు.

ఎడో ఊరి లోపల మాత్రం తోపుడు బళ్లు, ఎడ్లబళ్లు ఉండేవి. దానికి 'తకనవా, ఉషిమచి' చూడండి. హిరోషిగే చివరి పెద్ద సీరీస్, 'ఎడో నూరు ప్రసిద్ధ దృశ్యాలు' లోది, 1857 నాటిది. ఉషిమచి అంటే ఎడ్లబళ్లవాళ్ల పేట. ముందుభాగంలో సగం బొమ్మను ఒక బండి చక్రమే మింగేసింది. దూరంగా సముద్రం మీద ఇంద్రధనుస్సు. సరే, చక్రం కిందకి దిగండి. ఎవరో తిని పారేసిన పుచ్చకాయ తొక్కలు నేల మీద పడి ఉన్నాయి. ఒక కుక్కపిల్ల తెగిపోయిన గడ్డిచెప్పు తాడు నోట కరుచుకుని ఆడుకుంటోంది. 'ప్రసిద్ధ దృశ్యం' అని పేరు పెట్టి, డబ్బు తీసుకుని, వీధి చెత్తను ఇంత శ్రద్ధగా చెక్కించిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే. చెక్కేవాడి వైపు నుంచి చెబుతున్నాను, ఆ తొక్కలు లేకపోయినా బొమ్మకు లోటుండదు. వాటికీ విడిగా గీత చెక్కాలి, ఎరుపు రంగు అద్దాలి. అయినా పెట్టారు.

అదే సీరీస్‌లో 'యోత్సుయ, నైతో షిన్‌జుకు' కూడా ఈ కోవదే. ఇప్పుడు ఆకాశహర్మ్యాలున్న షిన్‌జుకు అప్పుడు కోషూ రహదారి మీద మొదటి మజిలీ. బొమ్మ నిండా ఒక మోత గుర్రం వెనక భాగం, దాని కాళ్ల మధ్యలోంచి వీధి. నేల మీద గుర్రప్పేడ కుప్పలు. చాలామంది నవ్వి పేజీ తిప్పేస్తారు. గిట్టలు జూమ్ చేయండి, గుర్రానికి గడ్డిచెప్పులు ఉన్నాయి! అప్పటి జపాన్‌లో గుర్రానికి ఇనుప నాడాలు కొట్టే అలవాటు లేదు. మనుషుల్లాగే వాటికీ గడ్డితో అల్లినవి కట్టేవాళ్లు, అరిగిపోగానే మార్చేవాళ్లు. అందుకే దారి పక్క టీ కొట్ల చూరుకు గడ్డిచెప్పుల గుత్తులు వేలాడుతూ కనిపిస్తాయి.

మోసేదంతా తిండే అనుకోకండి. ఫుకగవాలో మన్నెన్ వంతెన బొమ్మలో ఒక తాబేలు తాడుకు వేలాడుతోంది, దాని వెనక నది, నదికి అవతల ఫుజి. ఆ తాబేలు వండుకోవడానికి కాదు. ప్రాణిని విడిపిస్తే పుణ్యమని బౌద్ధ నమ్మకం. జనం డబ్బిచ్చి కొని నదిలో వదిలేస్తారు. వదలడానికే పట్టి అమ్మడం! పుణ్యం పేరుతో నడిచే వ్యాపారం అర్థం కావడానికి మన పాఠకులకు వివరణ అక్కర్లేదు.

తిండి వీధి చూడాలంటే ఒకే బొమ్మ చాలు. హిరోషిగే 'తకనవాలో ఇరవై ఆరో రాత్రి', మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసేది, 1840 ప్రాంతానిది. అప్పటి జపాన్ పంచాంగం చాంద్రమానమే, నెల అమావాస్య తర్వాతే మొదలవుతుంది, మన తెలుగు నెలలాగే. ఈ రాత్రి ఏడో నెలలోది, ఏడో నెల అంటే రమారమి మన శ్రావణం. ఇరవై ఆరో రోజు అంటే బహుళ ఏకాదశి దగ్గర. చంద్రుడు అర్ధరాత్రి దాటాక గానీ పైకి రాడు. ఆ చంద్రోదయంలో అమితాభ బుద్ధుడు మరో ఇద్దరితో దర్శనమిస్తాడని నమ్మకం. దాని కోసం ఊరంతా సముద్రం ఒడ్డుకు వచ్చి కాచుకుని కూర్చుంటుంది. కూర్చున్నవాళ్లకు ఆకలేస్తుంది కదా. ఒడ్డు పొడుగునా బళ్లు. సుషి, తెంపురా, సోబా, కాల్చిన స్క్విడ్, పిండి ఉండలు, తియ్యటి ఎర్రచిక్కుడు జావ, పుచ్చకాయలు. ప్రతి బండికీ కాగితం లాంతరు, దాని మీద ఏం అమ్ముతారో పేరు. మధ్యలో ఆక్టోపస్ వేషాలు కట్టిన ఓ గుంపు తిరుగుతోంది. దేవుడి దర్శనానికి వచ్చిన జాతర తిండి సంబరంగా మారిందని ఆ బొమ్మ ఎక్కడా చెప్పదు, అలా చూపిస్తుంది అంతే. తెంపురా బళ్ల మీదే ఎందుకు అమ్మేవారంటే, కాగే నూనెతో ఇళ్లకు నిప్పంటుకుంటుందన్న భయం. ఎడోలో అగ్నిప్రమాదాలు అంత ఎక్కువ. హిరోషిగే తండ్రి కూడా అగ్నిమాపక దళంలో చిన్న అధికారే. ఆ ఉద్యోగం చిన్నతనంలోనే కొడుక్కి వచ్చింది.

చలికాలం తిండికి 'మంచులో బికుని వంతెన'. ఎడమపక్క పెద్ద బోర్డు: 'కొండ తిమింగలం'. అంటే అడవిపంది మాంసం. నాలుగు కాళ్ల జంతువును తినకూడదన్న బౌద్ధ పట్టింపు ఉన్నచోట, పేరు మార్చి, ఒంటికి మందు అని చెప్పి అమ్మేవారు. కుడిపక్క చిలగడదుంపలు కాల్చి అమ్మే కొట్టు. దాని బోర్డు మీద '13' అన్న అంకె ఉంటుంది. చెస్ట్‌నట్ (కురి) కంటే (యోరి) రుచి అని, 'కురి'లో వినబడే 9కి 'యోరి'లో వినబడే 4 కలిపి చేసిన శ్లేష అది. మధ్యలో కావడివాడు ఒకడు వంతెన వైపు నడుస్తున్నాడు, మంచులో మూడు కుక్కలు. దీని మీద ఉన్న తేదీ ముద్ర 1858 పదో నెలది. హిరోషిగే పోయింది తొమ్మిదో నెలలో. అందుకే ఇది శిష్యుడి చేతిదేమో అన్న అనుమానం పండితుల్లో ఉంది. ఎవరు గీసినా ఆ బోర్డులు మాత్రం వీధివే.

బోర్డుల మాట వచ్చింది కాబట్టి ప్రకటనల సంగతి చెప్పాలి. ఇక్కడే కాస్త జాగ్రత్తగా ఉండాలి. తోకైదోలో గోయు అనే మజిలీ బొమ్మ చూడండి. సాయంత్రం, సత్రాల ముందు ఆడవాళ్లు బాటసారుల మీద పడి లాగుతున్నారు. ఒకామె మెడకు కట్టుకున్న మూట పట్టుకుని గుంజుతుంటే ఆ మనిషికి ఊపిరి ఆడటం లేదు. ఇది అతిశయోక్తి కాదు. పక్క మజిలీ అకసకా అక్కడికి 1.7 కిలోమీటర్లే, మొత్తం దారిలో అతి తక్కువ దూరం ఇదే. ఇక్కడ ఆపకపోతే గిరాకీ అటు నడిచి వెళ్లిపోతుంది. లొంగిపోయిన ఇంకో బాటసారి అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పుతున్నాడు. ముసలావిడ కాళ్లు కడగడానికి నీళ్ల తొట్టి తెస్తోంది. కిటికీలో ఒక అమ్మాయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విసుగ్గా వీధిలోకి చూస్తోంది.

ఇంతవరకు వీధి. గోడ మీద పెద్ద గుండ్రటి పలక ఉంది చూశారా, దాని మీదున్నది సత్రం పేరు కాదు, బొమ్మ ప్రచురణకర్త తకెనౌచి పేరు. లోపల వేలాడే పలకల మీద చెక్కినవాడి పేరు, అచ్చువేసినవాడి పేరు, చిత్రకారుడి పేరు. అదే సీరీస్‌లో నరుమి మజిలీ బొమ్మలో బట్టల కొట్టు తెర మీద, షోనో మజిలీ వాన బొమ్మలో గొడుగు మీద కూడా ఇదే తంతు. నూరు దృశ్యాల సీరీస్‌లో, కంద అనే చోట అద్దకంవాళ్ల పేటలో ఆరేసిన గుడ్డల మీద ప్రచురణకర్త ఉవోయా గుర్తు, హిరోషిగే గుర్తు రెండూ ఉన్నాయి. మా పనివాళ్ల పేర్లు బొమ్మలో ఎక్కడైనా కనబడితే నాకు సంతోషమే. కానీ బోర్డు ప్రతిదీ ఆ వీధిలో నిజంగా ఉందనుకోకూడదు. పెద్ద దుకాణాల విషయం ఇంకో రకం. షితాయా హిరోకోజి బొమ్మలో మత్సుజకాయా బట్టల దుకాణం అంత ఠీవిగా ఎందుకు నిలబడిందంటే, 1855 భూకంపం తర్వాత కొత్తగా కట్టి తెరిచారు, అది అందరికీ తెలియాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే యాడ్.

బొమ్మలు ఏం దాచాయో కూడా అడగాలి. 1855 నవంబర్‌లో ఎడోను పెద్ద భూకంపం కుదిపేసింది. వెంటనే క్యాట్‌ఫిష్ బొమ్మలు వెల్లువెత్తాయి, సంతకం లేకుండా, సెన్సార్ ముద్ర లేకుండా. భూమి కింద ఉండే పెద్ద క్యాట్‌ఫిష్ కదలడమే భూకంపానికి కారణమని నమ్మకం. ఆ బొమ్మల్లో వడ్రంగులు, తాపీవాళ్లు, పైకప్పులు వేసేవాళ్లు ఆ చేపకు మర్యాదలు చేస్తుంటారు, పని దొరికింది మరి. ఆ వెంటనే 1856 మొదట్లో హిరోషిగే నూరు దృశ్యాలు మొదలుపెట్టాడు. వాటిలో కూలిన గోడ కనబడదు, కాలే ఇల్లు కనబడదు. నిప్పుల మధ్య ఉద్యోగం చేసిన మనిషి గీసిన బొమ్మలివి! అలాగే పెద్ద వీధుల వెనక సందుల్లో ఉండే వరస ఇళ్లు, అక్కడి ఉమ్మడి బావి, ఉమ్మడి మరుగుదొడ్డి, ఆ మలాన్ని ఎరువు కోసం కొనుక్కుని కావడి మీద మోసుకెళ్లే రైతులు, పేరుమోసిన దృశ్యాల సీరీస్‌లలో దాదాపు కనబడరు. ఎడోలో సగటు మనిషి ఉన్నది ఆ సందుల్లోనే. కాబట్టి ఇవి పెద్ద వీధి ముఖం చూపించే బొమ్మలు, అంతవరకే.

ఆడవాళ్లు పనిచేస్తున్నట్టు కనిపించే బొమ్మల దగ్గర ఇంకాస్త ఆగండి. 1857లో మూడో తొయోకుని అనే చిత్రకారుడు వేసిన ఒక మూడు కాగితాల బొమ్మలో చెక్క చెక్కేవాళ్లు, కాగితం సిద్ధం చేసేవాళ్లు అందరూ అందమైన ఆడవాళ్లే. పనిముట్లు అక్షరాలా సరైనవి, ఆ ఉలి పట్టు మా క్లాసులో ఇప్పటికీ చూపిస్తాను. మనుషులు మాత్రం సరదా కల్పన, అసలు పని చేసింది మగవాళ్లు. నేను మోతను నమ్మండి అన్నది ఇందుకే, ముఖాన్ని కాదు.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. బ్రూక్లిన్ మ్యూజియం దగ్గర నూరు దృశ్యాల పూర్తి సెట్ ఉంది, ఆన్‌లైన్‌లో మంచి రిజల్యూషన్‌లో చూడొచ్చు. ఫోన్‌లో కాదు, పెద్ద స్క్రీన్ మీద చూడండి. బొమ్మ మొత్తాన్ని వదిలేసి కింది మూడో వంతు జూమ్ చేసి, ఒక్కొక్క మనిషి ఏం మోస్తున్నాడో రాసుకోండి. అంచున ఉండే చిన్న గుండ్రటి ముద్రల్లో ఆ ఏటి రాశి జంతువు, నెల అంకె ఉంటాయి, 1857 అయితే పాము. దాన్ని బట్టి ఏ నెలలో వచ్చిందో తెలుస్తుంది, ఆ నెలలో ఏ సరుకు వీధిలో ఉంటుందో పోల్చుకోవచ్చు. 'నిహోన్‌బషి తోరి ఇచ్చోమె' 1858 ఎనిమిదో నెలది. అందులో పుచ్చకాయ జాతి పళ్ల కొట్టు, పెద్ద గొడుగు కింద నాట్యగాళ్ల గుంపు, షమిసెన్ (మూడు తీగల వాద్యం) వాయించే ఆమె, సోబా పెట్టెలు దొంతరగా పెట్టుకుని డెలివరీకి పోతున్న కుర్రాడు అందరూ ఒకే వీధిలో ఉన్నారు. ఆ కుర్రాడిని వెతకండి, బాగుంటాడు. మార్కెట్లో దొరికే పాత ప్రతులు కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. తర్వాతి ముద్రణల్లో రంగులు, గీతలు రెండూ దెబ్బతిని ఉంటాయి. తేడా కనిపెట్టడం కొత్తవాళ్లకు కష్టం.

అచ్చు బొమ్మలు దాచినవి కొన్ని చేతితో గీసిన ఒక పొడవాటి చుట్టలో దొరుకుతాయి. 1805 ప్రాంతపు నిహోన్‌బషి పెద్ద వీధిని దుకాణం తర్వాత దుకాణంగా చూపించే 'కిదాయి షోరాన్' అది. సుమారు 12 మీటర్ల పొడవు, 1,600 మందికి పైగా మనుషులు. అసలుది బెర్లిన్ మ్యూజియంలో ఉంది. టోక్యో వెళ్లే పని పడితే మిత్సుకోషిమాయే మెట్రో స్టేషన్ నడవాలో దాని నకలును గోడ పొడుగునా పెట్టారు. రైలు దిగి పది నిమిషాలు ఆగితే సరిపోతుంది. కానీ మీరు ఇంకా ఎక్కువే ఆగుతారనుకుంటాను.